రాకు బ్యాండు

థూ! వీళ్ళ తిండ్లు పాడుగాను! సూడు మణెమ్మక్కా, గీ పళ్ళెం సూడు. బిర్యానీ మెతుకులల్ల సిగరెట్ గుచ్చి ఆర్పిండు. ఊదుబత్తి గుచ్చినట్టు! తినే తిండిల! రైసు మిల్లులున్నయట, కార్లున్నయట. మా తండల కుక్క నాకే చిప్ప గూడ గింత గలీజు ఉండదు.

నువ్వు నిన్న చివ్వెంల పోయి బతికిపోయినవ్. మీ అన్న మనుమరాలి పురుడేమో గని, దేవుడే నిన్ను ఈ క్లబ్బుల నుంచి అవుతలికి గుంజుకపోయిండు. నేనే చిక్కిన.

కండ్లెందుకు ఉబ్బినయంటవా? ఉల్లిగడ్డలు కోసిన, పో. ఏందట్ల సూస్తవ్?

సరే, చెప్తా. చెప్పకుంటె కడుపుల పుండయితది. గా పీట గుంజుకొని కూసో. గంజు నువ్వు ముట్టకు, నేనే తోముతా. చేతులు ఊకెనే ఉంటె ఎవన్నో ఒకన్ని కొట్టబుద్ధయితుంది నాకు.

నిన్న గీ క్లబ్బు పుట్టినరోజు గదా. యానివర్సరీ అట. ఏటేటా హైదరాబాదు నుంచి ఆర్కెస్ట్రా వస్తుండె. ఈసారి సెక్రటరీ సారు, సూర్యాపేట క్లబ్బోళ్ళు రాక్ బ్యాండు పెట్టిండ్రు, మిర్యాలగూడ ఏమన్న తక్కువనా అన్నడట. ఇంగ్లీషు పాటలు పాడే పిల్లగాండ్లను తోలుకొచ్చిండు. ఆ పిల్లగాండ్లల్ల గిటారు పట్టుకొని పాడేటోడు ఎవడు? ఈ క్లబ్బుల నీకొక్కదానికే ఎర్క. నా కొడుకు కాశీరాం.

రాక్ అంటె ఏందిరా అని అడిగిన వాన్ని ఒకనాడు. రాయి అన్నడు. రాయి బ్యాండేందిరా, ఇనేటోళ్ళ నెత్తిమీద ఏస్తరా అన్న. నవ్వలే వాడు. ఈ నడుమ వాడు నా మాటలకు నవ్వుడు బంద్ చేసిండు.

ఇగ మొన్న వచ్చి నా పక్కల కూసున్నడు. రొట్టె తుంచుకుంట, "యాడీ, ప్రోగ్రాంనాడు నువ్వు ముంగటికి రాకు" అన్నడు. మా బాసల యాడి అంటె అమ్మ, నీకెర్కనే. ఎందుకురా అన్న. "గీడ పళ్ళేలు కడిగేటామె కొడుకని తెలిస్తె నా పాట ఎవడింటడు? ముందుగాల ఇననియ్యి. ఆఖర్ల నేనే మైకుల చెప్త. మా యాడి అని చెప్పి నిన్ను స్టేజి మీదికి పిలుస్త. అప్పటిదాంక రాకు" అన్నడు.

అగో, అప్పుడు సమజయింది నాకు రాకు బ్యాండంటె ఏందో! రాకు అంటె రావొద్దనే గదా! అవ్వా నువ్వు రాకు, అయ్యా నువ్వు రాకు. గదీ వాళ్ళ బ్యాండు.

అయినా ఆశ సూడు నాది. పిలుస్త అన్నడు గదా! నిన్న పెట్టెల నుంచి అద్దాల లంగ తీసిన, అద్దాల రవిక తీసిన. నా పెండ్లప్పటియి. తొడుక్కొని మీదికెల్లి గీ పొడుగు మసిగుడ్డ అడ్డం కట్టుకున్న, ఎవరికి కానరాకుంట. వాడు పిలువంగనే గుడ్డ ఇప్పి ఇసిరికొట్టి పోదామని. నవ్వకు మణెమ్మక్కా. పాలకీడు కాడ మా తండల ఇంటాయన రూప్లా ఒక్కడే గొడ్లను పట్టుకొని కూసుంటె, నేను గీడ కిరాయి అర్రల వీన్ని డిగ్రీ చదివిస్తుంటి. పళ్ళేలు కడుగుకుంట. ఒక్కపారి పదిమందిల "గీమె మా అవ్వ" అంటె నా కడుపు నిండుతుండె. అంతకన్న ఏమడిగిన?

వాళ్ళ బ్యాండు పేరు చెప్పలే గదా నీకు! ఇంగ్లీషుల రాసి ఎనుక కట్టిండ్రు, ఇంత పొడుగు గుడ్డ. ఆరు నెలల కింద చెప్పిండు నాకు పేరు. "తండా" అన్నట్టు ఇనబడ్డది. అబ్బ, నా సంబురం ఏం చెప్పాలె! నా కొడుకు తండా పేరు పెట్టుకున్నడు అని మా వాడల జమ్లీకి చెప్పిన, భూలికి చెప్పిన, పాలకీడు బస్సుల కండక్టరుకు గూడ చెప్పిన. నిన్న గోపయ్య, గదే వాళ్ళల్ల క్యాసియో వాయించే పిలగాడు, నీళ్ళకోసం కిచెన్లకొస్తె అడిగిన. బిడ్డా, తండా బ్యాండేనా మీది అని. పడిపడి నవ్విండు. "తండా కాదమ్మా, థండర్. థండర్ అంటె ఉరుము" అన్నడు.

ఉరుమట! ఉరిమిండ్రు, ఉరిమిండ్రు.

మావోని పేరు గూడ కాశీరాం కాదట ఆడ. క్యాష్ అట! "మిస్టర్ క్యాష్" అని మైకుల పిలిచిండ్రు. చేతిల గల్లపెట్టె లేదు గని క్యాష్ అట. నల్ల కండ్లద్దాలు, సైదయ్య దగ్గర అడుక్కొచ్చిన తోలు కోటు. సైదయ్య డ్రమ్ములు కొడ్తడు. ఈ వేడిల తోలు కోటేందిరా, మేక లెక్క ఉన్నవ్ అందామనుకున్న. నేనేడ అందును? నేను రాకు గదా.

ఇగ మొదలువెట్టిండ్రు. దబ్ దబ్ దబ్ అని ఒక్కటే మోత. గా చప్పుడుకు కిచెన్ల గ్లాసులన్ని బల్ల మీద నడుసుకుంట పోయినయ్. క్యాసెట్లల్ల ఇని బట్టీపట్టిన రెండు పాటలు ఇంగ్లీషుయి. ఆ రెండూ పాడిండు. వానికి అర్థం తెల్వది, ఇనేటోళ్ళకు తెల్వది. అటు పక్క బల్లల కాడ పేకాట ఆడేటోళ్ళు తలకాయ గూడ ఎత్తలే. ఒకాయన "ఆ సౌండు తగ్గించండిరా బాబూ" అన్నడు. ఇంకొకాయన కోడి ఎముక కొరుక్కుంట ఆవులిచ్చిండు. పెండ్లాలేమో చీరెలు సూసుకునుడు, మాట్లాడుకునుడు.

రెండయినంక వీండ్లకు పాటల్లేవు. మావోడు సినిమా పాట ఎత్తుకున్నడు. సెక్రటరీ సారు గ్లాసు పట్టుకొని లేచి అరిసిండు. "ఏయ్, ఇదేంటి? సినిమా పాటలకు మిమ్మల్నెందుకు పిలిచాం? ఇంగ్లీష్! ఓన్లీ ఇంగ్లీష్!" అని. అందరు అందుకున్నరు. ఇంగ్లీష్, ఇంగ్లీష్ అని బల్లలు గుద్దుడు. తొడమీద ముక్క పెట్టుకొని తినేటోళ్ళు గూడ ఇంగ్లీషే కావాల్నన్నరు.

నేను గీ పరద సందులకెల్లి సూస్తున్న. నా కొడుకు మొకం పాలిపోయింది. గిటారు తీగెలు ఊకెనే సవరిస్తుండు. అయ్యో బిడ్డా అనిపిచ్చింది. అబద్ధమెందుకు, అనిపిచ్చింది.

గప్పుడు ఎత్తుకున్నడు వాడు. ఏం ఎత్తుకున్నడో తెలుసా?

నా ఏడుపు.

అదేంది అంటవా? బస్టాండుల సూడలేదా నువ్వు? మా ఆడోళ్ళు శానా దినాలకు కలిస్తె మెడలు కావలిచ్చుకొని ఏడుస్తం. రాగం తీసి. చుట్టు మూగి మీరంత నవ్వుతరు, లంబాడోళ్ళు పాట పాడుతున్నరు అని. నువ్వు గూడ నవ్వినవ్ మొదట్ల, నేనేం మర్సిపోలే. అది పాట గాదక్కా. మాకు ఏడుపుకే రాగముంటది. పోయినోళ్ళ పేరు పెట్టాలె, వాళ్ళేం తిన్నరు, ఏం కట్టిండ్రు, మనతోని ఏం మాట్లాడిండ్రు అన్ని తలువాలె. నడుమ నడుమ హియా, హియా అనాలె. హియా అంటె గుండెకాయ. ఇంకో ముచ్చట. ఒకామె ఎత్తుకుంటె పక్కామె అందుకోవాలె. ఊకోవద్దు. ఎవరు అందుకోని ఏడుపు దిక్కులేని ఏడుపు.

నా చెల్లె శాంతాబాయి వాడపల్లి కాడ కృష్ణల మునిగిపోయినప్పుడు ఒడ్డుమీద పడి నేనేడ్సిన ఏడుపు అది. "మార బేన" అంటె నా చెల్లె అని. వాడప్పుడు నా లంగ అంచు పట్టుకొని నిలబడ్డడు, ఇంత పొట్టిగ. గంత చిన్నగున్నప్పుడు ఇన్నది మతికుంచుకున్నడు సూడు! నీళ్ళల్ల దాని గాజులు, దాని కడియాలు, అది తినకుంట పోయిన జొన్నరొట్టె, అన్ని పాడిండు. ఒక్క ముక్క ఇడిసిపెట్టలే. దాని మీదికెల్లి డ్రమ్ములు దబ్ దబ్!

ఇగ సూడు. మా హియా వాళ్ళకెట్లినబడ్డదో తెలుసా? "హే యా" అని! ఇంగ్లీషోళ్ళు అట్లంటరట. "హే యా! హే యా!" అని అందరు లేచి ఎగురుడు. పేకాటోళ్ళు ముక్కలు బోర్లేసి వచ్చిండ్రు. గా సిమెంటు ఏజెంటు పెండ్లాం లేదా, ఇంత లావుది, నడుం తిప్పుడు, చేతులు పైకెత్తుడు. నా చెల్లె నీళ్ళల్ల మునుగుతుంటె ఇది ఎగురుతుంది! నోట్ల ముక్క నోట్లనే ఉన్నది. థూ, థూ!  గీ సింకుల కక్కిన మణెమ్మక్కా, నిజంగ కక్కిన.

మూతి కడుక్కునేసరికి పాటయిపోయింది. చప్పట్లు, ఈలలు. సెక్రటరీ సారు స్టేజి ఎక్కి మావోని భుజం మీద చెయ్యేసిండు. "అద్భుతం! ఏ బ్యాండు పాటయ్యా ఇది?" అన్నడు మైకుల. మావోడు "లండన్ బ్యాండు సార్" అన్నడు. సరే, లండన్ అయితె లండన్. "ఇంత మంచి ఇంగ్లీషు ఎవరు నేర్పారు నీకు?" అన్నడు సారు.

మావోడు, "మా మమ్మీ సార్" అన్నడు.

నా పానం లేసొచ్చిందక్కా! ఇగ పిలుస్తడు అనుకున్న. అన్ని మర్సిపోయిన, కక్కింది గూడ మర్సిపోయిన. చేతులు తుడుసుకొని మసిగుడ్డ ముడి ఇప్పబట్టిన. నీళ్ళల్ల తడిసి ముడి వస్తలేదు. అంతల సారు, "మీ మమ్మీ ఏం చేస్తారు?" అన్నడు. మావోడు, "సూర్యాపేటల కాన్వెంటు టీచర్ సార్" అన్నడు.

కాన్వెంటు టీచర్! నేను!

ఆగు, అయిపోలే. "ఆవిడ వచ్చారా? పిలువు, సన్మానం చేద్దాం" అన్నడు సారు. శాలువ గూడ పట్టుకున్నడు. మావోడు గీ పరద దిక్కు సూసిండు. నేను కనబడ్డ. ముడి ఇప్పుకుంట, అద్దాలు మెరుసుకుంట కనబడ్డ. ఆ నల్లద్దాలల్లకెల్లి నన్నే సూసి, "లేదు సార్" అన్నడు.

రాలేదు అనబోయిండేమో. ఏమో! కోదాడ దిక్కోడు గదా సారు, ఆ దిక్కు మనిషి లేదంటె సచ్చిపోయిందనే, తాగి ఉన్నడు గూడ. "అయ్యయ్యో! లేరా! ఎప్పుడు పోయారు పాపం?" అన్నడు.

కాదు సార్, బతికే ఉన్నది అంటె ఏంబోయె? ఊర్ల ఉన్నది అన్నా అయిపోవు. నోరు తెరిసిండు. తెరిసి, మూసి, తలకాయ కిందికి ఏసిండు. తలకాయ ఏసుడంటె ఏంది? అవునని గదా! అందరు అయ్యో అన్నరు. నడుం తిప్పినామె గూడ కండ్లొత్తుకున్నది.

సారు మైకు గుంజుకున్నడు. "అందరూ లేవండి. ఆ తల్లి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం" అన్నడు.

నవ్వవట్టెనా? నవ్వు, నవ్వు. నాకు గూడ నవ్వొస్తది తలుసుకుంటె. అందరు నిలబడ్డరు, చేతులు ముంగట కట్టుకొని. నేను గీడ తలుపుకాడ చేతికందిన ఎంగిలి పళ్ళెం పట్టుకొని నా సావుకు నేనే నిలబడ్డ! ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు.

మా దిక్కు సావంటె గిట్ల గప్‌చుప్ నిలబడరక్కా. ఎవరో ఒకరు ఎత్తుకోవాలె. నేను సచ్చిపోతి. నా కొడుకే చెప్పె. ఒక్కరన్న నోరిప్పరేంది? దిక్కులేని సావా నాది?  నేను అనుకోలే, నా నోరే లేసింది. పళ్ళెం కిందబడ్డది. ముడి గూడ అప్పుడే ఊడింది, సూడు ఇచ్చంత్రం!

"మార బేటా" అని ఎత్తుకున్న. నా కొడుకా అని, నా మీద గాదు, వాని మీద. పేరు పెట్టిన. కాశీరామా, పొద్దుగాల జొన్నరొట్టె తిని పోయినవ్ గదరా, చెప్పకుంట ఏడికి పోయినవ్ హియా. తోలు కోటు తొడిగి పాడెక్కినవా హియా. నీ తండ్రికి ఏం చెప్పాలెరా, ఏ ఒడ్డుకు పోయి ఎతకాలెరా. నా లంగ అంచు పట్టుకున్న చెయ్యేదిరా.

బతికున్నోని మీద ఎత్తుకోవద్దక్కా. మా దాంట్ల అది శాపనార్థం. తెలిసే ఎత్తుకున్న.

గంత పెద్ద హాలుల అది సమజయింది ఒక్కనికే. నా కొడుక్కు. నల్ల కండ్లద్దాలు తీసిండు. సైదయ్య డ్రమ్ము కట్టెలు పట్టుకొని బిత్తరపోయిండు.

మరి మిగిలినోళ్ళా? "లేడీ సింగర్!" అన్నరు. "సర్‌ప్రైజ్!" అన్నరు. సారు, "ఏం ప్లానింగయ్యా క్యాష్! మౌనంలో నుంచి పాట! గెటప్ కూడా అదిరింది" అని వాని ఈపు చరిసిండు. నా పెండ్లి లంగ వాళ్ళకు గెటప్. ఈలలు, చప్పట్లు, హే యా, హే యా. సన్మానం శాలువ నా మీదనే కప్పిండ్రు. ఏడాది సంది రోజు వాళ్ళ ముంగటనే బల్లలు తుడుస్తున్న, ఒక్కనికన్న నా మొకం గుర్తురాలే. థూ, ఆ కండ్లకు గడ్డలు పుట్ట!

ఇగ వన్స్ మోర్ అన్నరు. అయింది. వాళ్ళు తిన్నరు, పోయిండ్రు. గీ ఎంగిలి మిగిలింది.

వాడా? సైదయ్య అర్రల పండుకొని పొద్దుగాల వచ్చిండు. తలుపుకాడ నిలబడ్డడు. కాళ్ళమీద పడ్తడు అనుకున్న. పడితె ఏం చెయ్యాల్నో గూడ అనుకొని పెట్టుకున్న. తన్నాలె, తర్వాత లేపాలె అని.

పడలే. "యాడీ, కోదాడ క్లబ్బోళ్ళు వచ్చే ఆదివారం పిలిచిండ్రు. సెక్రటరీ సారే చెప్పిండట. నిన్ను గూడ తోలుకరావాల్నట. ఆంటీ అని చెప్దాం, సికింద్రాబాద్ ఆంటీ. అద్దాల లంగ వద్దు, మళ్ళ ఎవడన్న గుర్తువడ్తడు. చీరె కట్టుకో" అన్నడు.

థూ అని మొకం మీద ఉమ్మిన. పొయ్యి మీద రొట్టె మాడిపోయింది. వాడు తుడుసుకున్నడు. తుడుసుకొని ఏమన్నడో తెలుసా? "నేను నిన్ను ఒక్కపారి సంపిన యాడీ. తలకాయ ఏసి సంపిన, తప్పే. నువ్వు నన్ను రెండుపార్లు సంపినవ్. నేనేమన్న అన్ననా?"

ఏందట్ల నోరు తెరుస్తవ్? రెండోపారి ఎప్పుడంటవా?

గదే. వన్స్ మోర్.

ఎవరికి చెప్పకు మణెమ్మక్కా, నీ కాళ్ళు మొక్కుత. మొదటిపారి ఏడ్సింది నిజమేడుపు. కడుపుల నుంచి దేవుకొని వచ్చింది. వన్స్ మోర్ అన్నప్పుడు వాడు నన్ను సూసిండు. మైకుకు పక్కకు జరిగి, పెదిమెలతోని "యాడీ, వద్దు" అన్నడు. వాని కండ్లల్ల నీళ్ళున్నయ్. నాకు కనబడ్డయ్. అప్పుడన్న ఊకుంటె అయిపోవు.

ఊకోలే. చప్పట్లు కొడుతుండ్రు. భుజం మీద శాలువ ఉన్నది. నా మొకం మీద లైటు ఏసిండ్రు, ఎచ్చగ. అందరు నా దిక్కే సూస్తుండ్రు, పెద్ద పెద్దోళ్ళు. మళ్ళ ఎత్తుకున్న. మార బేటా అని. ఒక్క సుక్క నీళ్ళు రాలేదక్కా కండ్లల్ల. రాగం మాత్రం మొదటిదానికన్న మంచిగొచ్చింది. గొంతు ఎక్కడ లేపాల్నో, ఏడ ఇరగ్గొట్టాల్నో సూసుకొని మరీ పాడిన. నా కొడుకు పాడె మీద ఉన్నడని పాడుకుంట, సిమెంటు ఏజెంటు పెండ్లాం చప్పట్లు కొడ్తుందా లేదా అని సూసిన.

తియ్యగనే ఉన్నయ్ చప్పట్లు. థూ! నా బతుకు మీద థూ!

తెల్లందాంక గదే తలుసుకొని ఏడ్సిన. కండ్లుబ్బినయంటివి గదా, గందుకు.

తియ్యి, ఆ గంజు ఇటియ్యి. అడుగు మాడింది, ఇసుక పెట్టి రుద్దాలె.

ఇగో, మణెమ్మక్కా. దసరకు కట్టుకున్నవ్ సూడు, నీ ఎర్రంచు చీరె. వచ్చే ఆదివారానికి జర ఇస్తవా?